తుక్కుకీ దండకీ మధ్య ఒక బండి

పాత బండ్ల మీద రాయడం ఈమధ్య మనవాళ్ళకి బాగా అలవాటైంది. గూడుబండి, జట్కా, ఎర్రబస్సు, అంబాసిడర్, ఏదో ఒకటి పట్టుకుంటారు. దాని కిటికీలోంచి నాయనమ్మ కనపడుతుంది, మామిడితోపు కనపడుతుంది, ఆఖర్న రెండు కన్నీటి చుక్కలు రాలతాయి. చదవడానికి బాగానే ఉంటాయి, నేనూ చదువుతాను. నా అభ్యంతరమల్లా ఒకటే. ఇన్ని బండ్లు నడిచిన ఈ సాహిత్యంలో ఎక్కడా కందెన మరక కనపడదు. ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి, గొట్టంలో పోసుకుని బండి కింద తగిలించుకోకపోతే, ఏ గూడుబండీ నరసరావుపేట నుంచి కోటప్పకొండ తిరనాళ్ళకి కూడా చేరదు. ఆ కందెన పూసే చెయ్యి ఒకటుంటుంది కదా. అది మన వ్యాసాల్లోకి రాదు. జ్ఞాపకాల్లో బండి తనంతట తనే నడుస్తుంది.

ఇంత కోపంగా మొదలుపెట్టడానికి కారణం ఉంది. నా దగ్గరో పాత బండి ఉంది. అది ప్రస్తుతం ఆపదలో ఉంది.

1991 మోడల్ మెటాడోర్ వ్యాను. నంబరు ప్లేటు మీద ఇంకా 'ఏపీ 7' అనే ఉంటుంది. అది గుంటూరు జిల్లా పాత గుర్తు. 2019లో కొత్త బండ్లకి రాష్ట్రమంతా ఒకటే 39 అయిపోయింది. మొదట్లో ఇది ఒక పద్యనాటక సమాజం వాళ్ళది. తెనాలి, పొన్నూరు, చీరాల, అద్దంకి, ఎక్కడ నాటకం ఉంటే అక్కడికి హార్మోనియం పెట్టె, తెరలు, కిరీటాలు, వాటితోపాటు హరిశ్చంద్రుడూ నక్షత్రకుడూ ఇందులోనే వెళ్ళేవాళ్ళు. కాటిసీను అయ్యేసరికి తెల్లారేది. రంగు కడుక్కోకుండానే ఇందులోనే పడి నిద్రపోయేవాళ్ళు. తరవాత నాటకాలు తగ్గాయి, సమాజం చెదిరింది, బండి ఒక జిన్నింగు మిల్లు గోడవారన కొన్నేళ్ళు ఎండకి ఎండి వానకి తడిసింది. బడిపంతులుగా రిటైరయ్యాక నేను కొన్నాను. లోపల ఒక పడక, మడతబల్ల, ఒంటి పొయ్యి, నలభై లీటర్ల నీళ్ళ డ్రమ్ము, సామాను అరలు పెట్టించాను. వేషాలు వేసుకునే అద్దం మాత్రం తీయలేదు. కిరీటాలు తగిలించే మేకులు కూడా తీయలేదు. ఇప్పుడు వాటికి మా ఆవిడ గరిటెలు తగిలిస్తుంది.

రిజిస్ట్రేషన్ గడువు దగ్గరపడితే తీసుకెళ్ళాను. ఏ ఊరి ఆఫీసో మనకనవసరం. పరీక్ష చేసే ఆయన చుట్టూ ఒకసారి తిరిగి, తలుపు తీసి చూశాడు.

"ఇదేం బండండీ?"

"మెటాడోర్ అండి."

"అది తెలస్తానే ఉంది. లోపల ఇదేంది? బుక్కులో పదమూడు సీట్లున్నై, బండిలో మూడే ఉన్నై. ఒరిజినల్ కాదుగా ఇది."

తప్పు నాదే, ఒప్పుకుంటాను. సీట్లు తీయించినప్పుడే కాగితం పెట్టుకోవాల్సింది. బయటికొస్తే ఒక ఏజెంటు ఎదురయ్యాడు. నా మొహం చూసి జాలిపడ్డాడు. "అంత ఆలోచన ఎందుకు మాస్టారూ, సీట్లు అద్దెకి తెప్పిస్తా. పొద్దున బిగిద్దాం, ఫొటో అయిపోంగానే ఊడదీద్దాం. పదమూడూ ఒకే రంగుయి." పక్కనే ఇంకొకాయన, అడక్కుండానే, తుక్కు ధర చెప్పాడు, కిలోల లెక్కన.

ఆ పూట ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ 'ఒరిజినల్' అన్న మాట నన్ను వదల్లేదు. అద్దెకి తెచ్చిన సీట్లు పెడితే ఒరిజినల్ అవుతుందట. నాలుగేళ్ళు నా చేత్తో చూసుకుంటున్న బండి ఒరిజినల్ కాదట.

చట్టం ఏమంటుందో కూర్చుని చదివాను. రిటైరైనవాడికి అదో కాలక్షేపం. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం 'వింటేజ్' వాహనాలకి విడిగా నియమాలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటిన రెండు చక్రాల, నాలుగు చక్రాల బండ్లు అందులోకి వస్తాయి. కొత్తగా నమోదు చేయించాలంటే 20,000 రూపాయలు, పదేళ్ళ తరవాత మళ్ళీ చేయించడానికి 5,000. నంబరులో 'వీఏ' అనే అక్షరాలొస్తాయి. అంతవరకు బాగుంది. తరవాత రెండు షరతులున్నాయి. ఒకటి, బండి పుట్టినప్పటి రూపంలోనే ఉండాలి. ఛాసిస్సు, బాడీ, ఇంజను పెద్దగా మారి ఉండకూడదు. రెండోది, దాన్ని రోజువారీ వాడకానికి రోడ్డెక్కించకూడదు. ప్రదర్శనకి తీసుకెళ్ళొచ్చు, ర్యాలీకి తీసుకెళ్ళొచ్చు, మరమ్మతుకీ ఆయిలు కొట్టించుకోడానికీ తీసుకెళ్ళొచ్చు. కూరగాయలకి తీసుకెళ్ళకూడదు.

ఇది యాభై దాటిన బండి సంగతి. పదిహేను దాటినవాటి సంగతి వేరు. 2022 ఏప్రిల్ ఒకటి నుంచి పదిహేనేళ్ళు దాటిన కారుకి రిజిస్ట్రేషన్ పొడిగించే రుసుము 600 నుంచి 5,000 అయింది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్ళు దాటిన తేలికపాటి వాహనాలకి దాన్ని 10,000 చేశారు. రోగం నయం చేయడానికి కాదు, రోగి తొందరగా పోవడానికి ఫీజు పెంచినట్టుంది. దీని వెనకున్న పాలసీ పేరులోనే తుక్కు ఉంది కాబట్టి ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఇప్పుడు నా మెటాడోర్ లెక్క చూడండి. 1991లో పుట్టింది. 2006 నుంచి అది అనుమానితుడు, 2011 నుంచి ముద్దాయి. 2041లో యాభై నిండి వారసత్వ సంపద అవుతుంది. మరి 2006కీ 2041కీ మధ్య ముప్పై అయిదేళ్ళు అది ఎక్కడ దాక్కోవాలి? ఏ పశువుల కొట్టంలో? పైగా ఆ ముప్పై అయిదేళ్ళూ ఏదీ మారకుండా, తుప్పు పట్టకుండా, ఎవరూ పెద్ద మరమ్మతు చేయకుండా దాక్కోవాలి. అలా దాక్కోగలిగేవి ఎవరి బండ్లో మీరే ఊహించుకోండి. రాజుగారి షెడ్డులో గుడ్డకప్పిన రోల్స్ రాయిస్ దాక్కోగలదు. నాటకాలోళ్ళ మెటాడోర్ దాక్కోలేదు. వాడకంలో ఉన్న బండికి వారసత్వంలో చోటు లేకుండా రాసిన నియమం ఇది.

పాత బండ్లు సేకరించే పెద్దమనుషులకి ఈ నియమం నచ్చింది. నచ్చదూ మరి. వాళ్ళ దృష్టిలో బండి లాకర్లో నగలాంటిది. బోల్టు కూడా ఆనాటి ఫ్యాక్టరీదే కావాలంటారు. ఏడాదికొకసారి తుడిచి, తలపాగా చుట్టుకుని, ర్యాలీలో పది కిలోమీటర్లు తిప్పి, ఫొటో దిగి మళ్ళీ గుడ్డ కప్పేస్తారు. వాళ్ళ సరదా వాళ్ళది, నాకు పేచీ లేదు. ఆ సరదాని కొలమానం చేసి దేశంలోని పాత బండ్లన్నిటినీ దాంతో కొలవడంతోనే నా పేచీ.

ఎందుకంటే ఈ నల్లరేగడి నేల మీద బండి అనేది ఎప్పుడూ అలా లేదు. మా తాత గూడుబండినే తీసుకోండి. దాని చక్రానికి ఆకులు విరిగితే వడ్రంగి తుమ్మకర్రతో కొత్త ఆకులు దిగేసేవాడు. పూటీలు పగిలితే పూటీలు మార్చేవాడు. ఇనప పట్టా వదులైతే పిడకల మంటలో ఎర్రగా కాల్చి, నలుగురు పట్టుకారులతో ఎత్తి చక్రానికి తొడిగి, నీళ్ళు పోస్తే సుయ్యిమని బిగుసుకునేది. ఆ చప్పుడు వినడానికి మేం బడి ఎగ్గొట్టేవాళ్ళం. ఇరుసు ఒకసారి మారింది, గూడు మీద చాప ఏటేటా మారేది. మా నాన్న తరానికి వచ్చేసరికి ఆ బండిలో మొదటి నాటి కర్ర ఎంత మిగిలిందో చెప్పలేం. అయినా ఊళ్ళో అందరూ దాన్ని తాత బండి అనే అన్నారు. ఇది ఒరిజినల్ కాదుగా అని ఎవరూ అడగలేదు. ఆ బండ్లని నిలబెట్టింది ఆ మార్పులే. మార్చడం మానేసిన ఏడాది మా బండి పొయ్యిలోకి పోయింది.

మోటారు వచ్చాక కూడా పద్ధతి మారలేదు. లారీ కంపెనీ మనకి అమ్మింది మొండి ఛాసిస్సు. తలకి తువ్వాలు చుట్టుకుని, తలుపులూ కప్పూ లేని ఆ అస్థిపంజరం మీద కూర్చుని డ్రైవర్లు హైవే మీద తోలుకుంటూ రావడం నా వయసువాళ్ళంతా చూసే ఉంటారు. విజయవాడ ఆటోనగర్‌లోనో, గుంటూరులోనో, చిలకలూరిపేటలోనో వడ్రంగులూ కమ్మరులూ పెయింటర్లూ కలిసి దానికి ఒళ్ళు పోసేవాళ్ళు. కాబిన్‌లో డ్రైవరు వెనక పడక బల్ల, సామాన్ల పెట్టె, దేవుడి పటం, కిరసనాయిలు స్టవ్ పెట్టుకునే గూడు, అన్నీ ఇక్కడి చేతులు చేసినవే. మిరప బస్తాలు నాగపూర్ దాకా, పత్తి బేళ్ళు కోయంబత్తూరు దాకా మోసుకెళ్ళినవాళ్ళు నెలకి ఇరవై రోజులు ఆ కాబిన్‌లోనే వండుకుని ఆ కాబిన్‌లోనే పడుకున్నారు. మోటారు ఇల్లు అంటే మనకి ఏదో అమెరికా సంగతి అనిపిస్తుందేమో. ఈ నేలకి అది కొత్త కాదు, దానికి పేరు పెట్టలేదంతే.

పేరు పెట్టింది ఒక్కదానికి. 1982లో తెలుగుదేశం పెట్టాక ఎన్.టి.రామారావు రాష్ట్రం తిరగడానికి ఒక పాత షెవ్రోలె వ్యాను బాగుచేయించాడు. అప్పటికే అది నలభై ఏళ్ళనాటి బండి. కొడుకు హరికృష్ణ దాన్ని నడిపాడు. రాజకీయం పక్కన పెడదాం, దాని మీద మనలో మనకి వేరే గొడవలున్నాయి. బండిగా చూడండి. పైకెక్కి మాట్లాడటానికి కప్పు మీద వేదిక, లోపల పడుకోవడానికి చోటు, రోడ్డు పక్కన ఆపితే అదే ఇల్లు. కాకీ బట్టల మహానటుడు రోడ్డువారన కూర్చుని స్నానం చేస్తున్న, గడ్డం గీసుకుంటున్న ఫొటోలు చూడని తెలుగువాడు ఉండడు. తెలుగునాట అందరికీ తెలిసిన మోటారు ఇల్లు అదొక్కటే. చైతన్యరథం అన్నారు.

2021 నియమాన్ని అక్షరాలా తీసుకుంటే ఆ చైతన్యరథానికి వింటేజ్ గుర్తింపు కష్టం. బాడీ మార్చారుగా. ఆనాడు దాన్ని బాగుచేసినవాళ్ళు అమెరికా ఫ్యాక్టరీ గీసిన గీత దాటకూడదనుకుని ఉంటే అది రథం అయ్యేది కాదు, ఏ షెడ్డులోనో మామూలు షెవ్రోలెగా తుప్పు పట్టేది. ఇప్పుడు దానికి దండలు వేసేవాళ్ళున్నారు, దండం పెట్టేవాళ్ళున్నారు. దాని కార్బురేటర్ శుభ్రం చేసిందెవరు, ఎండాకాలం ఘాట్ల మీద రేడియేటర్ మరిగితే నీళ్ళు పోసిందెవరు, మధ్యదారిలో పార్టు విరిగితే ఏ ఊరి లేత్ మీద కోయించారు, ఈ ప్రశ్నలు అడిగినవాళ్ళు నాకు తగల్లేదు. నలభై ఏళ్ళ బండిని అన్ని వేల కిలోమీటర్లు నడిపించడం పద్యం చెప్పినంత తేలిక కాదు. ఆ ఎన్నికల చరిత్ర ఎంత రాశామో చూడండి, ఆ మెకానిక్కుల పేర్లు ఎన్ని రాశామో చూడండి.

నాకు తెలిసిన మెకానిక్కు సంగతి కొంచెం చెబుతాను. పేరు రాయొద్దన్నాడు. మేం భాయ్ అంటాం, అతను నన్ను మాస్టారూ అంటాడు. మెటాడోర్ తయారుచేసిన పుణే కంపెనీ బజాజ్ టెంపో పేరే మారిపోయి ఫోర్స్ మోటార్స్ అయింది, ఇక విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి? బుష్ అరిగితే లేత్ మీద కోయిస్తాడు. కిటికీ రబ్బరు ఎండిపోతే పాత లారీది తెచ్చి కోసి సర్దుతాడు. పత్తి సీజన్లో రోడ్ల మీద ఎగిరే దూది రేడియేటర్ జాలీలో ఇరుక్కుని ఇంజను వేడెక్కిపోతుంటే, ముందు దోమతెర గుడ్డ కట్టుకోమన్నాడు. రెండ్రోజులకొకసారి విప్పి దులపాలి. ఏ పుస్తకంలోనూ లేని చిట్కా అది. ఈ బండి కొన్న మొదటి ఏడాది నల్లపొగ కక్కేది. నాజిళ్ళు మార్చి, డీజిల్ పంపు కాలిబ్రేషన్ చేయించాక తగ్గింది. కమాను పట్టీలు రెండు విరిగితే కొత్తవి వేశాం. కింద తుప్పు తిన్న రేకంతా కోసేసి కొత్త రేకు అతికాం. "ఇంకేం మిగిలింది భాయ్ పాతది?" అంటే, "కూత మిగిలింది కదా మాస్టారూ" అన్నాడు. హారన్ మాట చెబుతున్నాడనుకున్నాను. ఇంజను శబ్దం గురించట.

పాత డీజిలు పొగ గురించి నన్ను నిలదీసేవాళ్ళున్నారు, మా అబ్బాయే మొదటివాడు. న్యాయమైన ప్రశ్న. నగరాల్లో రోజంతా తిరిగే పాత డీజిళ్ళని ఆపాలన్నా నాకు అభ్యంతరం లేదు. ఢిల్లీలో పదేళ్ళ డీజిలు బండ్లని ఆపమన్నప్పుడు అక్కడి గాలి సంగతి తెలిసి ఊరుకున్నాను. నా బండి ఏడాదికి రెండు వేల కిలోమీటర్లు కూడా తిరగదు. పొగ కొలవండి. బ్రేకులు పరీక్షించండి. స్టీరింగు ఆట ఎంతుందో చూడండి, గ్యాసు బండ ఎలా కట్టానో, వైర్లకి ఫ్యూజు వేశానో లేదో చూడండి. ఇవన్నీ అడిగితే జవాబు చెబుతాను, బాగాలేకపోతే ఆపేస్తాను. బండిలో పడుకునేవాడిని నేనే, నా ప్రాణం నాకు తీపి కాదా? ఆ రోజు ఆఫీసులో ఇవేవీ అడగలేదు. సీట్లు లెక్కపెట్టారు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కంపెనీ ఇచ్చిన స్వరూపం నుంచి బండిని మార్చకూడదని చెప్పిన మాట నిజమే. ఆ తీర్పు వెనక భద్రత ఉంది, కాదనను. అయితే భద్రత కోసం పెట్టిన గీత, బ్రేకు చూడకుండా సీట్లు లెక్కపెట్టడానికి సాకు అయితే దాన్ని ఏమనాలి?

ఇక ఆనందం సంగతి. పాత బండి మీద ఇంత గొడవ దేనికని అడుగుతారుగా.

పోయిన మాఘంలో అద్దంకి దాటాక ఒక మిరప కల్లం పక్కన ఆపాం. రైతు తెలిసినవాడే, మా పాత విద్యార్థి. రాత్రి మంచు పడుతుంటే కల్లంలో కాయల మీద పట్టాలు కప్పారు. ఆ ఘాటుకి మా ఆవిడ పదకొండు తుమ్ములు తుమ్మింది, నేను లెక్కపెట్టాను. తెల్లారుజామున నాలుగున్నరకి లేచి పొయ్యి వెలిగించి, తలుపు బారెడు తీసి కూర్చున్నాం. టీ గ్లాసులోంచి ఆవిరి, బయట మంచు, రెండూ ఒకలాగే ఉన్నాయి. అవతల పత్తి కట్టె పీకేసిన చేలో గోనె, టార్పాలిన్ గుడారాలు ఏడెనిమిది కనపడ్డాయి. కోతకి కర్నూలు వైపు నుంచి వచ్చినవాళ్ళు. ఒక ట్రాక్టరు ట్రాలీకి కర్రలు వంచి గూడు కట్టారు. దానికింద ఒక ఉయ్యాల. ట్రాలీ పక్క పలకకి ఒక అద్దం కట్టి ఉంది, అచ్చం మా బండిలో ఉన్నట్టు.

వాళ్ళలో ఒక పెద్దావిడ నీళ్ళ బిందె దించి మా తలుపు దగ్గరికొచ్చింది. లోపలికి తొంగిచూసి, మా ఆవిడని అడిగింది, "ఇల్లు లేదామ్మా మీకు?"

"ఉందమ్మా, గుంటూర్లో."

"మరి దీంట్లో పండుకునేదేంటికి? ఇంట్లో కోడలితో పడలేదా?"

మా ఆవిడ నవ్వాపుకోలేక టీ ఒలకబోసుకుంది. పెద్దావిడ నవ్వలేదు. డ్రమ్ములో నీళ్ళు ఎన్నిరోజులొస్తాయి, వాడిన నీళ్ళు ఎటు పోతాయి, వానొస్తే ఎక్కడ కారుతుంది, అన్నీ అడిగింది. ఆఫీసులో నన్ను అడగాల్సిన ప్రశ్నలు ఆవిడ అడిగింది. నేను సిగ్గుపడ్డ మాట కూడా రాయాలి. నాకిది సరదా, ఆవిడకిది ఏటా రెండు మూడు నెలల బతుకు. ఆ ట్రాలీ గూడుకి ఏ బుక్కులోనూ చోటు లేదు. అది ఎవరికీ వారసత్వమూ కాదు. వెళ్ళేముందు మా కప్పు మీద రేకుని చూపించి, ఎండాకాలం దీని మీద తడి గోనె పరచమని చెప్పింది. రెంటచింతల ఎండల్లో తిరిగినప్పుడు పరిచాం. పనిచేసింది.

ఇదీ నేను చెప్పే ఆనందం. ఈమధ్య కేరవాన్ టూరిజం అనే మాట వినపడుతోంది. కేరళ 2021లోనే దానికి విధానం తెచ్చింది, మన దగ్గరా ఆ ఊసులున్నాయి. రానీండి. ఏసీలు, టీవీలు, లోపలే మరుగుదొడ్డి, లక్షల్లో ధర. మా సూర్యలంక బీచి పక్కన వరసగా ఆగితే చూడముచ్చటగానే ఉంటాయి. కొత్త బండికి రాయితీ ఇచ్చి, అదే పని చేస్తున్న పాత బండిని తుక్కులోకి పంపే చేయి ఒకటే కాకూడదని మాత్రం అంటాను. భాయ్ లాంటివాళ్ళ దగ్గర మరమ్మతైన బండికి, అది ఎంత మారినా, బ్రేకూ పొగా లైట్లూ సరిగ్గా ఉంటే రోడ్డెక్కే హక్కు ఉండాలి. వాడి అరిగినదాన్ని బాగుచేసుకున్నందుకు జరిమానా వేసినట్టు ఫీజు వేయకూడదు. చట్టంలో తుక్కుకీ దండకీ మధ్య ఒక గడి ఉండాలి.

వ్యాసకర్తలకి నా మనవి కూడా అదే. గూడుబండి మీద ఇంకో వ్యాసం రాసేముందు ఒక్కసారి ఎక్కడైనా పాత బండి కింద దూరి, మట్టి గడ్డకట్టిన గ్రీజు నిప్పల్ ఒకటి గుడ్డతో తుడిచి చూడండి. మొహం మీద ఒక చుక్క పడుతుంది, మీరు రాల్చేదానికన్నా కొంచెం నల్లగా ఉంటుంది.

సీట్లు అద్దెకి తీసుకోలేదు. మార్పిడికి అర్జీ పెట్టుకున్నాను, నాలుగు వైపులా ఫొటోలు, లోపలి కొలతలు గీసిన కాగితం జతచేశాను. అద్దం, మేకులు కూడా గీశాను. వచ్చే శుక్రవారం మళ్ళీ బండి తీసుకురమ్మన్నారు. ఈలోగా ఎడమవైపు వెనక చక్రం బ్రేకు కప్పు కారుతోంది, అది మార్పించాలి.